లైబ్రరీ ఆన్‌లైన్ కార్యక్రమాలు: తెర వెనక రెండో మనిషి

ఆన్‌లైన్‌లో పిల్లల కథలైనా, పుస్తక చర్చైనా, రచయితతో ముఖాముఖైనా ఒక్క మనిషితో నడిపించాలని చూడకండి. ఒకరు మాట్లాడాలి. ఇంకొకరు తెర మీద కనబడకుండా కూర్చోవాలి. వచ్చినవాళ్లను లోపలికి పంపడం, తెరిచి వదిలేసిన మైకులు కట్టేయడం, చాట్ చదవడం, "వినపడట్లేదండీ" అన్నవాళ్లకి దారి చూపడం ఈ రెండో మనిషి పని. మా లైబ్రరీలో మొదట్లో ఒక్కరితోనే లాగించాం. కథ చెప్పేవాళ్లు వెయిటింగ్ రూమ్ (లోపలికి పంపేదాకా జనం ఆగే చోటు) వైపు చూస్తే కథ తెగుతుంది. చూడకపోతే బయట నలుగురు పడిగాపులు కాస్తుంటారు. చాలా కార్యక్రమాలు అయ్యాక గాని మాకు బుద్ధి రాలేదు. కింద రాసేదంతా ఇద్దరున్నారనే లెక్కతో రాస్తున్నాను.

గది, తాళం

ఉచిత ఖాతాలకు హద్దులున్నాయి. జూమ్‌లో 100 మంది దాకా చేరవచ్చు, కానీ మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లోనూ 100 మందే, ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు. పిల్లల కథలు 25 నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఉచిత జూమ్ చాలు. పుస్తక చర్చకు చాలదు. మాట మంచి పాకాన పడ్డప్పుడే గది మూసుకుపోతుంది, మళ్లీ అందర్నీ పోగుచేసేలోపు కొందరు జారిపోతారు. చర్చలు ఎక్కువగా పెట్టే లైబ్రరీ ఒక్క ఖాతాకైనా డబ్బు కట్టడం మేలు.

జూమ్ ఉచిత ఖాతాలో కో-హోస్ట్ సౌకర్యం, అంటే మీటింగ్ పెత్తనం ఇంకొకరితో పంచుకునే వీలు, లేదు. మరి రెండో మనిషి పని ఎలా చేయాలి? దీనికి తేలికైన ఉపాయం ఉంది. హోస్ట్‌గా లాగిన్ అయ్యేది రెండో మనిషే. మాట్లాడేవారు మామూలుగా లింక్ నొక్కి వచ్చే అతిథి. మాట్లాడేవారి చేతిలో హోస్ట్ బటన్లు ఉండాలన్న నియమం ఏమీ లేదు, లేకపోతేనే వాళ్ల చూపు కథ మీద నిలుస్తుంది. స్క్రీన్ షేర్ హోస్ట్ ఒక్కరికే పెట్టి, చూపించాల్సిన బొమ్మలు ముందే రెండో మనిషికి పంపితే సరిపోతుంది. డబ్బు కట్టిన ఖాతాలో అయితే మాట్లాడేవారినే కో-హోస్ట్ చేయండి. హోస్ట్ నెట్ పోయినా కో-హోస్ట్‌కి పెత్తనం దానంతట అదే చేరుతుంది, మీటింగ్ ఆగదు.

పర్సనల్ మీటింగ్ ఐడీని బయటివాళ్ల కార్యక్రమానికి వాడటం మా మొదటి పెద్ద తప్పు. ఎప్పటికీ మారని లింక్ కదా, ఒకసారి పోస్టర్ వేస్తే చాలనుకున్నాం. ఆ లింక్ దగ్గరున్నవాళ్లు ఎప్పుడు నొక్కినా అదే గదికి వస్తారు. ఉదయం కార్యక్రమం సాగదీస్తే మధ్యాహ్నం కార్యక్రమం వాళ్లు వచ్చి మధ్యలో కూర్చుంటారు. సిబ్బంది తమలో తాము మాట్లాడుకుంటున్నా బయటివాళ్లు లోపలికి వచ్చేయొచ్చు. ప్రతి కార్యక్రమానికీ కొత్త ఐడీ తీయండి. ప్రతి వారం అదే గుంపు కలిసే చర్చ అయితే రికరింగ్ మీటింగ్ (ఒకే లింక్‌తో మళ్లీ మళ్లీ జరిగేది) పెట్టి, మూడు నెలలకోసారి లింక్ మార్చండి.

2020 ఏప్రిల్ 5 నుంచి జూమ్ పాస్‌వర్డునూ వెయిటింగ్ రూమునూ చాలా ఖాతాలకు తనంతట తానే ఆన్ చేసి ఇస్తోంది. అంతకుముందు వారాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఎవరి మీటింగులోకి పడితే వాళ్ల మీటింగులోకి దూరి గోల చేయడం అంత పెరిగింది. అయినా తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసే పని మనం చేస్తుంటాం. జూమ్ ఇచ్చే పొడుగాటి లింక్‌లోనే పాస్‌వర్డ్ ఇమిడి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఫేస్‌బుక్‌లో పెడితే పాస్‌వర్డ్ ఉన్నా లేనట్టే. పోస్టర్ మీద ఉండాల్సింది రిజిస్ట్రేషన్ ఫారం లింక్. గది లింక్ పేరిచ్చినవాళ్లకి మాత్రమే, విడిగా వెళ్లాలి.

వందల మంది వినే ఉపన్యాసమైతే యూట్యూబ్ లైవ్ మంచిది. అక్కడ లోపలికి దూరేవాళ్లంటూ ఉండరు. కొత్త ఛానల్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే పని చేయడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ఫోన్ నంబర్ వెరిఫికేషన్ కూడా అడుగుతుంది. కాబట్టి ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టే పని కాదు. ఫోన్ నుంచే లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. చూసేవాళ్లకి బొమ్మ కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం ఆలస్యంగా చేరుతుంది. "ప్రశ్నలుంటే అడగండి" అని ఊరుకుంటే ఆ నిశ్శబ్దం భరించలేం. ఉపన్యాసం ముగియడానికి రెండు మూడు నిమిషాల ముందే ప్రశ్నలు రాయమని చెప్పించండి.

పేర్ల నమోదు, జ్ఞాపకం చేయడం

ఫారంలో నాలుగు ప్రశ్నలు చాలు: పేరు, మెయిల్ లేదా ఫోన్, ఫోన్‌లో చూస్తారా కంప్యూటర్‌లోనా, పిల్లల కార్యక్రమమైతే పిల్లల వయసు. చిరునామా, పుట్టినరోజు అడిగారంటే సగంమంది అక్కడే వెనక్కి మళ్లుతారు. పైగా అక్కర్లేని వివరాలు దాచుకోవడం మనకే బరువు. మూడో ప్రశ్న చాలా అక్కరకొస్తుంది. ఫోన్ అని రాసినవాళ్లు ఎక్కువమందైతే స్లైడ్ల మీద అక్షరం పెంచుతాం, బ్రేక్‌అవుట్ రూములు (వచ్చినవాళ్లని చిన్న గుంపులుగా విడదీసే గదులు) మానేస్తాం.

ఉచిత కార్యక్రమానికి పేరిచ్చినవాళ్లలో సగంమంది వస్తే మంచి లెక్క అనుకోండి. అందుకే 12 మంది చాలనుకున్న చర్చకు 20 పేర్లు తీసుకుంటాం. ఒక్కోసారి 19 మంది వచ్చి కూర్చుంటారు, అది వేరే సంగతి.

ముందు రోజు సాయంత్రం ఒకటి, గంట ముందు ఒకటి, రెండు మెసేజీలు పంపాలి. రెండింటిలోనూ లింక్ ఉండాలి. "నిన్న పంపిన మెయిల్ చూడండి" అంటే ఎవరూ వెతకరు. మేం పంపే మెసేజ్ ఈ మాదిరి ఉంటుంది:

"రేపు శనివారం ఉదయం 10:30కి పిల్లల కథలు. 10:25 నుంచే లోపలికి రావచ్చు. 11 గంటలకు ముగుస్తుంది. ఈ లింక్ నొక్కండి. లోపలికి రాగానే ఆడియోతో చేరమని ('జాయిన్ ఆడియో') అడుగుతుంది, అది నొక్కకపోతే మీకు ఏమీ వినపడదు. పిల్లల పేరు మాత్రమే పెట్టండి, ఇంటిపేరు వద్దు. ఇబ్బందైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

వినపడట్లేదని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఆ ఆడియో బటన్ నొక్కకపోవడమే. మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం చేర్చాక ఫోన్లు బాగా తగ్గాయి. వేళ రాసేటప్పుడు ఉదయమో సాయంత్రమో తప్పకుండా రాయాలి. వట్టి "12 గంటలకు" అంటే అర్ధరాత్రా అని అడిగేవాళ్లున్నారు. వేరే దేశాల నుంచి వినేవాళ్లుంటే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క) సమయం కూడా వేయండి. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు, ఆ వారాల్లో గంట తేడాతో వచ్చేవాళ్లు కచ్చితంగా ఉంటారు.

ముందు చెవికి, తర్వాతే కంటికి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కెమెరా కొందామా అని అడుగుతారు. ముందు మైక్ సంగతి చూడండి. బొమ్మ మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట తెగితే వెళ్లిపోతారు. ఫోన్‌తో వచ్చే మామూలు వైరు ఇయర్‌ఫోన్ మైక్ నోటికి జానెడు దూరంలో ఉంటే, మీటరు దూరంలో ఉన్న లాప్‌టాప్ మైక్ కన్నా చాలా బాగుంటుంది. లాప్‌టాప్ మైక్ మాటతోపాటు ఫ్యానునీ, కుర్చీ కిర్రునీ, గోడల మోతనీ కూడా పట్టుకుంటుంది. ఇయర్‌ఫోన్ మైక్ చొక్కా గుండీకి రాసుకుంటే బరబరా శబ్దం వస్తుంది, దాన్ని ఒక క్లిప్పుతో పైకి నిలబెట్టండి.

ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రెండు కంప్యూటర్లు తెరిస్తే కీచుమని కూత వస్తుంది. ఒకదాని స్పీకర్ శబ్దం రెండోదాని మైకులోకి వెళ్లి తిరిగి రావడమే కారణం. రెండో మనిషి కంప్యూటర్‌లో మ్యూట్ నొక్కితే చాలదు, స్పీకర్ కూడా కట్టేసి ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. వేరే గదిలో కూర్చుంటే ఈ గొడవే ఉండదు.

జూమ్ తనంతట తాను రొదని వడకడుతుంది. మాటకి అది వరం, పాటకి శాపం. చప్పట్లు, గజ్జెలు, తంబురా శ్రుతి, అన్నీ రొద కిందే కట్టి మింగేస్తుంది. పాట ఉన్న కార్యక్రమానికి ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేసుకుని, పాడేటప్పుడు తెర మీద కూడా ఆ బటన్ నొక్కాలి. అప్పుడు ఫ్యాను చప్పుడూ వినపడుతుంది, కాబట్టి ఫ్యాను కట్టేయాల్సిందే.

అందరూ కలిసి పాడటం మాత్రం కుదరదు. ప్రయత్నించి విసిగాం. సంగీతంలో ఒకరి గొంతు ఇంకొకరికి దాదాపు 25, 30 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైతే తాళం నిలవదు. వీడియో మీటింగులో ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందర్నీ మ్యూట్‌లో పెట్టి, ఒక్కరు పాడుతుంటే మిగతావాళ్లు ఎవరింట్లో వాళ్లు గొంతు కలపడం ఒక్కటే దారి. పిల్లలకి అదేమీ లోటనిపించదు.

వీడియో చూపించేటప్పుడు స్క్రీన్ షేర్ కిటికీలో "షేర్ సౌండ్" టిక్ పెట్టడం మర్చిపోతే మనకి బాగానే వినపడుతుంది, అవతల అంతా మూగబొమ్మ. మనకి వినపడుతోంది కదా అని ముందుకెళ్లిపోతాం. రెండో మనిషి ఇయర్‌ఫోన్‌తో వేరుగా వింటుంటే పది సెకన్లలో చెప్పేస్తారు. రెండో మనిషి వేరే కనెక్షన్ మీద ఉండాలనడానికి ఇదీ ఒక కారణం. ఒకే వైఫై మీద ఇద్దరూ ఉంటే ఆ వైఫై పోయినప్పుడు ఇద్దరూ పోతారు.

నెట్ వేగం చూసేటప్పుడు అప్‌లోడ్ అంకె చూడండి. డౌన్‌లోడ్ 50 ఉందని మురిసిపోతే లాభం లేదు, మన బొమ్మ వెళ్లేది అప్‌లోడ్ దారిలో. వైఫై కన్నా కేబుల్ గుచ్చిన కంప్యూటర్ నిలకడగా ఉంటుంది. వినేవాళ్ల డేటా లెక్క కూడా చెప్పాలి: సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వీడియో వస్తే గంటకు 450 ఎంబీ ఖర్చవుతుంది. మాట మాత్రమే అయితే సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు, అంటే గంటకు 27 నుంచి 36 ఎంబీ. తమ కెమెరా ఆపేస్తే డేటా అంతా మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఆగేది వాళ్లు పంపే వీడియో ఒక్కటే, వచ్చేది వస్తూనే ఉంటుంది. వచ్చే వీడియోని ఆపే ఎంపిక జూమ్ ఫోన్ యాప్‌లో ఉంది. డేటా తక్కువున్నవాళ్లకి దాన్ని చూపించండి. రచయిత ఉపన్యాసం రేడియోలా విన్నా ఏమీ పోదు.

బొమ్మల పుస్తకం చూపించడం

పుస్తకాన్ని రొమ్ముకి ఆనించి లాప్‌టాప్ కెమెరా ముందు పట్టుకుంటే కుదరదు. చేయి వణుకుతుంది, పేజీ మెరుస్తుంది, బొమ్మ సగమే కనబడుతుంది. ఫోన్‌ని స్టాండుకి బిగించి, కెమెరా నేల చూసేలా పైనుంచి పెట్టి, కింద బల్ల మీద పుస్తకం పరవండి. ఆ ఫోన్ విడిగా ఇంకో అతిథిగా మీటింగులో చేరుతుంది. చేరేటప్పుడు దానికి ఆడియో అసలు కలపొద్దు, కలిపితే పైన చెప్పిన కూతే. ఫోన్ ఛార్జింగులో ఉండాలి, డూ నాట్ డిస్టర్బ్ ఆన్‌లో, ఆటో రొటేట్ ఆఫ్‌లో ఉండాలి. కథలో రాక్షసుడు తలుపు తట్టే ఘట్టంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

నున్నటి కాగితం మీద దీపం పడి తెల్లటి మచ్చ వస్తుంది. నెత్తి మీది ట్యూబ్‌లైట్ ఆపేసి, రెండు బల్లదీపాలు కుడిఎడమల నుంచి 45 డిగ్రీల వాలులో వేస్తే మచ్చ పోతుంది. ఒక్కటే దీపం ఉంటే కిటికీ పక్కన పగటి వెలుగులో పెట్టండి. పుస్తకం నడుమ మడత దగ్గర పేజీ ఉబ్బి నీడ పడుతుంది, అంచుల మీద రెండు చిన్న రాళ్లో పారదర్శకమైన స్కేలో పెడితే అణుగుతుంది. పుస్తకం కింద తెల్ల గుడ్డ వేయకండి, కెమెరా దాన్ని చూసి పేజీని నల్లబరుస్తుంది. బూడిదరంగు గుడ్డ బాగా నప్పుతుంది.

పేజీ తిప్పాక చదవడానికి తొందరపడకూడదు. ఎదురుగా కూర్చున్న పిల్లలకైతే తిప్పగానే బొమ్మ కనబడుతుంది. ఇక్కడ బొమ్మ ఆలస్యంగా చేరుతుంది, చేరాక కూడా ఒకటి రెండు సెకన్లు మసకగా ఉండి తేరుకుంటుంది, చూసేది అరచేతిలో తెర మీద. మనసులో ఎనిమిది లెక్కపెట్టి అప్పుడు చదవండి. మొదట్లో అది యుగంలా అనిపిస్తుంది. వేలితో బొమ్మ చూపించేటప్పుడు నెమ్మదిగా జరపండి, గబగబా ఆడిస్తే అవతల వేలు మాయమైపోతుంది.

మొదలూ చివరా మనిషి ముఖం కనబడాలి, నడుమ పుస్తకం. ఈ మార్పు రెండో మనిషి "స్పాట్‌లైట్" బటన్‌తో చేస్తారు. స్పాట్‌లైట్ పెట్టకపోతే ఎవరు దగ్గినా వాళ్ల ముఖం పెద్దదై పుస్తకం పక్కకి పోతుంది. ఇంకో మాట: లాప్‌టాప్ కెమెరాలో మీ తెర మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనబడతాయి. కంగారుపడి సెట్టింగులు మార్చకండి. ఆ అద్దం మీ ఒక్కరికే, అవతలివాళ్లకి సవ్యంగానే కనబడుతుంది.

చదవడానికి అనుమతి

లైబ్రరీ కొన్న పుస్తకమే కదా అని కెమెరా ముందు మొత్తం చదివేయడం కుదరదు. పుస్తకాన్ని అరువివ్వడం ఒకటి, దాన్ని బహిరంగంగా ప్రసారం చేయడం ఇంకొకటి. రికార్డు చేసి ఉంచడం మూడోది, అన్నిటికన్నా చిక్కైంది అదే. 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాల్లో రచయిత చనిపోయాక కనీసం 50 ఏళ్లు హక్కులుంటాయి. దేశాన్ని బట్టి అది 60, 70 ఏళ్లుగా కూడా ఉంది. పాత కథ కదా అని ఊరుకోవద్దు. కథ రాసినవారి హక్కు తీరిపోయినా అనువాదం చేసినవారిదీ బొమ్మలు వేసినవారిదీ వేరుగా నిలిచే ఉండొచ్చు.

ప్రచురణకర్తకి రాసే ఉత్తరంలో పుస్తకం పేరు, కార్యక్రమం తేదీ, ఏ వేదిక మీద, పేరిచ్చినవాళ్లకే కనబడుతుందా అందరికీనా, రికార్డు చేస్తారా, చేస్తే ఎన్ని రోజులకు తీసేస్తారు, ఇవన్నీ ఉండాలి. ఇవి లేని ఉత్తరానికి తిరుగు ప్రశ్నలు వస్తాయి, అలా పది రోజులు పోతాయి. నెల ముందే రాయండి. జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకోవద్దు, ఆ పుస్తకం పక్కన పెట్టి జానపద కథేదైనా పుస్తకం లేకుండా సొంత మాటల్లో చెప్పండి. నిజానికి పిల్లలు అలా చెప్పిన కథలే ఎక్కువ ఒళ్లు మరిచి వింటారు. ఎదుట పేజీ లేకపోతే చెప్పేవాళ్ల కళ్లు కెమెరాలోకి చూస్తాయి.

పుస్తక చర్చ

ఎనిమిది నుంచి పన్నెండు మంది. అంతకు మించితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు కెమెరా ఆపుకుని వంటపని చూసుకుంటారు. 75 నిమిషాలు చాలు. పుస్తకం పేరు ఐదారు వారాల ముందే ప్రకటించాలి, ఎందుకంటే లైబ్రరీలో ప్రతులు మూడో నాలుగో ఉంటాయి, అవే చేతులు మారుతూ తిరగాలి.

మొదట ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం: పేరు, పుస్తకంలో ఎక్కడ ఆగిపోవాలనిపించింది లేదా ఎక్కడ ఆగలేకపోయారు. ఇది పరిచయం మాత్రమే కాదు, ప్రతివాళ్ల మైకూ పనిచేస్తోందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. ప్రశ్నలు ఐదు చాలు. "128వ పేజీలో" అని మొదలుపెట్టకండి. ఒకరి దగ్గర పాత ముద్రణ, ఇంకొకరి దగ్గర కొత్తది, మరొకరి ఈ-బుక్‌లో అసలు పేజీ సంఖ్యలే ఉండవు. అధ్యాయం పేరు చెప్పి, ఆ పేరాలో మొదటి నాలుగు మాటలు చదివి వినిపిస్తే అందరూ చేరుకుంటారు.

ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎవరు మాట్లాడబోతున్నారో ఊపిరి చూసి తెలుస్తుంది. తెర మీద తెలియదు, ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి ఇద్దరూ "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అంటూ ఆగిపోతారు. చేయెత్తే బటన్ నొక్కినవాళ్ల వరుస రెండో మనిషి చూస్తూ, "ముందు లక్ష్మిగారు, తర్వాత రావుగారు" అని చాట్‌లో వేస్తుంటే చర్చ నడిపేవారికి భారం తగ్గుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకి అంతకుముందు చాట్‌లో రాసినవి కనబడవు. లింకులేమైనా ఇస్తే చివర మళ్లీ ఒకసారి వేయాలి.

బ్రేక్‌అవుట్ రూములు కంప్యూటర్ మీద బాగుంటాయి. గదికి నలుగురు, 12 నిమిషాలు. మూసేటప్పుడు జూమ్ మామూలుగా 60 సెకన్లు గడువిస్తుంది. ఫోన్ మీద ఉన్న పెద్దవాళ్లకి మాత్రం "జాయిన్" అని అడిగే కిటికీ కనబడక అసలు గదిలోనే ఒంటరిగా మిగిలిపోతారు. అందుకే రెండో మనిషి ఏ గదికీ వెళ్లకుండా అసలు గదిలోనే ఉండాలి.

రచయితతో ముఖాముఖి

మూడు రోజుల ముందు పది నిమిషాల పరీక్ష. అదే కంప్యూటర్, అదే కుర్చీ, అదే వేళ. వేళ ఎందుకంటే పొద్దున పరీక్షలో చక్కగా కనబడ్డ ముఖం సాయంత్రం వెనక కిటికీలోంచి ఎండ పడితే నల్లటి నీడగా మారుతుంది. వాళ్ల ఫోన్ నంబర్ తీసుకోండి. నెట్ పోతే ఫోన్ చేసి, ఆ ఫోన్‌ని మన మైక్ దగ్గర పెట్టైనా మాట పూర్తి చేయించొచ్చు.

రికార్డింగు గురించి నోటిమాట సరిపోదు. రికార్డు చేయొచ్చా, ఎక్కడ పెడతాం, ఎన్నాళ్లు ఉంచుతాం, ముక్కలు కత్తిరించి వాడొచ్చా, ఈ నాలుగూ మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మాట 40 నిమిషాలు, ప్రశ్నలు 20. మొదటి ప్రశ్న ఎప్పుడూ రాదు. మూడు ప్రశ్నలు మీ దగ్గర సిద్ధంగా ఉంచుకుని మొదటిది మీరే అడగండి, రెండో ప్రశ్న దానంతట అదే వస్తుంది.

స్లైడ్లు తెలుగులో ఉంటే ఇంకో చిక్కు. ఒక కంప్యూటర్‌లో చేసిన ఫైల్ ఇంకోదానిలో తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేకపోతే వరసలు చెదిరిపోతాయి, ఒక్కోసారి ఒత్తులు ఊడి పక్కన పడతాయి. రచయిత దగ్గర్నుంచి పీడీఎఫ్‌గా తెప్పించుకోండి. అక్షరం 28 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో ఒత్తు అక్షరం కిందికి దిగి చిన్నదవుతుంది, ఇంగ్లీషుకు సరిపోయిన సైజు మనకి ఫోన్ మీద సరిపోదు. అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరానికి 4.5కి 1 ఉండాలి. లెక్క తెలియకపోతే తెలుపు మీద నలుపు వేసి ఊరుకోండి.

ఫోన్ వాడకం, కంప్యూటర్ పాఠాలు

ఎనిమిది మందికి మించి తీసుకోం. ఒక్కొక్కరి ఫోన్‌లో బటన్ ఒక్కోచోట ఉంటుంది, "పైన కుడివైపు మూడు చుక్కలు" అంటే ముగ్గురికి కనబడవు. ఎవరినైనా తెర షేర్ చేయమనే ముందు నోటిఫికేషన్లు ఆపించండి. బ్యాంకు మెసేజో ఓటీపీయో అందరి ముందూ పైనుంచి జారి పడుతుంది. పాస్‌వర్డ్ టైపు చేసే ముందు షేర్ ఆపించాలి. ఈ పాఠాలు ఎప్పుడూ రికార్డు చేయం.

గోల జరిగితే

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. రెండో మనిషి వేలు ఒక్క బటన్ మీద ఉండాలి: జూమ్ హోస్ట్ టూల్స్‌లో "సస్పెండ్ పార్టిసిపెంట్ యాక్టివిటీస్". అది నొక్కగానే అందరి మైకులూ కెమెరాలూ షేరింగూ చాటూ ఒక్కసారిగా ఆగిపోతాయి. తర్వాత ఆ మనిషిని "రిమూవ్" చేయడం, ఆపైన మీటింగ్ లాక్ చేయడం. రిమూవ్ చేసినవాళ్లు తిరిగి చేరగలిగే సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. ఎవరు చేశారో వెతుకుతూ ఒక్కొక్కరినీ మ్యూట్ చేస్తూ కూర్చుంటే అర నిమిషం పోతుంది, పిల్లలున్న చోట అర నిమిషం చాలా ఎక్కువ. పిల్లల కార్యక్రమమైతే మేం మీటింగునే ముగించేసి, తల్లిదండ్రులకి పది నిమిషాల్లో ఫోన్ చేస్తాం.

హాలులో కొందరు, ఆన్‌లైన్‌లో కొందరు కూర్చునే కార్యక్రమానికి ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. హాలులో అడిగిన ప్రశ్న ఆన్‌లైన్ వాళ్లకి వినపడదు. జవాబు చెప్పేవారు ప్రశ్నని మళ్లీ పలికి మొదలుపెట్టేలా అలవాటు చేయించండి.

రికార్డింగు, లెక్కలు

రికార్డు చేస్తున్నామని మెసేజ్‌లోనూ మొదట్లోనూ చెప్పాలి. మాట్లాడేవారి బొమ్మ మాత్రమే పడేలా స్పాట్‌లైట్ పెట్టి రికార్డు చేయాలి. పిల్లలది చేయకూడదు. ఉచిత జూమ్‌లో రికార్డింగు మన కంప్యూటర్‌లోనే పడుతుంది, మీటింగ్ ముగిశాక గాని అది వీడియో ఫైలుగా మారదు. ఆ మారే వేళకి లాప్‌టాప్ మూత మూసేస్తే గంట కష్టం గంగలో కలుస్తుంది. మాకు ఒకసారి కలిసింది.

గంట వీడియోని గంటగానే పెట్టకండి. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ లైబ్రరీలకు చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది. మొదటి ఐదు నిమిషాల "వినపడుతోందా అండీ"లన్నీ కత్తిరించి, పది పదిహేను నిమిషాల ముక్కలు చేసి, ఒక్కోదానికీ అందులో ఏముందో తెలిసే పేరు పెట్టండి. తెలుగులో ఆటోమేటిక్ క్యాప్షన్లు ఊళ్ల పేర్లనీ మనుషుల పేర్లనీ సమాసాల్నీ చిత్రహింస పెడతాయి. గంట మాటకి దిద్దడం నాలుగైదు గంటల పని, అందుకే ముక్కల్లో ముఖ్యమైనవాటికే దిద్దుతాం. వెనక సినిమా పాట వేస్తే యూట్యూబ్ గుర్తుపట్టి ఆ శబ్దాన్ని కట్టేయొచ్చు, వీడియోనే ఆపేయొచ్చు.

ఎంతమంది వచ్చారన్నదానికి మీటింగ్ రిపోర్టు వరసలు లెక్కపెడితే తప్పు. నెట్ తెగి మళ్లీ వచ్చినవాళ్లు రెండుసార్లు పడతారు, ఒక్క తెర ముందు ముగ్గురు పిల్లలు కూర్చున్నా ఒకటే పడుతుంది. కార్యక్రమం మధ్యలో ఒకసారి రెండో మనిషి తెరల సంఖ్య రాసుకుంటారు, పిల్లలదైతే "మీ దగ్గర ఎంతమంది?" అని చాట్‌లో అడుగుతారు. యూట్యూబ్ వ్యూస్ ఈ లెక్కలో కలపం, వేరే గడిలో మొదటి 30 రోజులవి రాస్తాం. ఐదు సెకన్లు చూసి పోయినవాళ్లని కార్యక్రమానికి వచ్చినవాళ్లతో కలిపితే పై అధికారులకి పంపే అంకె బాగుంటుంది గాని, వచ్చే ఏడాది ఏ కార్యక్రమం ఉంచాలో తెలియదు. పేర్ల జాబితా నెల తర్వాత చెరిపేస్తాం. ఎవరు ఏ పుస్తకం చర్చకు వచ్చారన్నది లైబ్రరీ దాచుకోవాల్సిన సంగతి కాదు.

కార్యక్రమం అయిపోగానే "ఎండ్ మీటింగ్ ఫర్ ఆల్" నొక్కకండి. మాట్లాడినవారు సెలవు తీసుకున్నాక పది నిమిషాలు గది తెరిచే ఉంచితే ఇద్దరు ముగ్గురు ఆగిపోతారు. "ఆయన మధ్యలో ఏదో పుస్తకం పేరు చెప్పారు, అది మన దగ్గర ఉందా?" అని అడిగేది వాళ్లే. రెండో మనిషి అప్పటికే కేటలాగ్ తెరిచి ఉంచుకోవాలి. పుస్తకం ఉంటే వాళ్ల పేరు మీద అక్కడే రిజర్వ్ చేసి, లేకపోతే కొనాల్సిన జాబితాలో రాసుకుని, ఆ పేర్లన్నీ మర్నాడు అందరికీ మెయిల్‌లో పంపాలి.